కృత్రిమ పాదం డిజైన్ చేస్తున్న మేనకోడలికి

చిరంజీవి అమ్మడికి,

మావయ్య ఆశీస్సులు. నువ్వు పంపిన డ్రాయింగులన్నీ ఒకటికి రెండుసార్లు చూశాను. చీలమండ దగ్గర రెండు కీళ్లు, నడిపాదంలో ఒకటి, వేళ్ల మొదట్లో ఇంకొకటి, ప్రతి కీలుకీ ఒక స్ప్రింగు. మనిషి పాదంలో 26 ఎముకలు, 33 కీళ్లు ఉన్నాయి కాబట్టి వాటిలో ముఖ్యమైనవి పెట్టేస్తే కదలిక దానంతటదే సహజంగా వస్తుందని రాశావు. పని చాలా శ్రద్ధగా చేశావు, ఆ మాట ముందే చెబుతున్నాను. కానీ దీన్ని కొన్నాళ్లు పక్కన పెట్టు. సహజంగా కదలడం అంటే ఏది, ఎప్పుడు కదలాలో ముందు తేల్చుకుందాం.

చేత్తో పట్టుకుని వంచితే అచ్చం నిజం పాదంలా వంగేవి చాలా చూశాను. వాటిని తొడుక్కున్న మనిషి నాలుగడుగులు వేసేసరికి తుంటి ఎగరేస్తూ, నడుము పక్కకి వాలుస్తూ నడిచేవాడు. కీలు అనేదే లేని పాదంతో, పక్కన నడిచేవాళ్లకి కూడా తెలియకుండా తిరిగేవాళ్లనీ చూశాను. 1950ల్లో బర్క్‌లీ విశ్వవిద్యాలయంలో రూపుదిద్దుకున్న సాక్ అనే కృత్రిమ పాదంలో కదిలే కీలు ఒక్కటీ లేదు. లోపల గట్టి చెక్క, మడమ దగ్గర మెత్తటి రబ్బరు ముక్క, అంతే. మడమ మీద బరువు పడగానే ఆ రబ్బరు నొక్కుకుపోతుంది, పాదం కిందికి వంగినంత పనీ అవుతుంది. దశాబ్దాల పాటు లక్షల మంది దాని మీద నడిచారు. దానికీ లోపాలున్నాయి, వాటి సంగతి కింద చెబుతాను. నడకలో సహజత్వం కీళ్ల లెక్కతో రాదని చెప్పడానికే దాన్ని గుర్తుచేశాను.

నడిచేటప్పుడు పాదం నేల మీద ఉండేది ఒక కాలి చక్రంలో 60 శాతం సేపు. మామూలు వేగంలో అది సెకనులో సగం కన్నా కాస్త ఎక్కువ. ఆ కాసేపట్లో ఒంటి బరువు పడే చోటు మడమ నుంచి మొదలై వేళ్ల మొదట్లోకి జరుగుతూ పోతుంది. ఇప్పుడు పిక్క ఎముకకి ఒక డ్రాయింగ్ షీటు బిగించామనుకో. కాలు ముందుకి వాలేకొద్దీ ఆ షీటు కూడా వాలుతుంది. బరువు పడే చోటుని క్షణక్షణానికీ ఆ షీటు మీద చుక్కలు పెడితే, చుక్కలన్నీ కలిసి ఒక వంపు గీత అవుతాయి. ఊగే కుర్చీ అడుగున ఉండే వంపు చెక్క లాంటిదన్నమాట. మనం నడుస్తున్నంతసేపూ నిజానికి ఆ కనపడని వంపు మీద దొర్లుతూ ఉంటాం. దాని వ్యాసార్ధం కాలి పొడవులో ఇంచుమించు 30 శాతం. అంటే 90 సెంటీమీటర్ల కాలికి 27 సెంటీమీటర్ల చుట్టుపక్కల.

ఇందులో నన్ను ఇప్పటికీ ఆశ్చర్యపరిచే సంగతి ఒకటుంది. మనిషి వేగం పెంచినా, బరువు మోసినా, కాస్త ఎత్తు మడమ షూ వేసుకున్నా ఆ వంపు పెద్దగా మారదు. చీలమండ వంగే కోణాలు మారతాయి, కండరాల పని మారుతుంది, వంపు మాత్రం దాదాపు అలాగే ఉంటుంది. చికాగోలోని నార్త్‌వెస్టర్న్ విశ్వవిద్యాలయంలో హాన్సెన్, చిల్డ్రెస్ ఈ విషయాన్ని 2000ల మొదట్లో వరసగా కొలిచి చూపించారు. శరీరం అంత పట్టుగా కాపాడుకునేదేదో, నీ పాదం ముందుగా ఇవ్వాల్సింది అదే. అక్కడ ఆ వంపు కోసం చేసిన ఒక పాదంలో ముందుభాగం ఉత్త ప్లాస్టిక్ పలక, దానికి పైనుంచి అడ్డంగా రంపపు కోతలు. బరువు పడితే పలక వంగుతుంది, కోతల అంచులు ఒకదానికొకటి ఆనుకోగానే వంగడం ఆగిపోతుంది, అక్కడ కావాల్సిన వంపు నిలబడుతుంది. స్ప్రింగులేవీ లేవు. కోత ఎంత వెడల్పు, ఎంతెంత దూరంలో అన్నదే డిజైన్ అంతా. ఆ ఆలోచన నాకెంత నచ్చిందో చెప్పలేను.

నీ నమూనాకి ఈ వంపు కొలవడానికి పెద్ద ల్యాబ్ అక్కర్లేదు. పాదాన్ని ఒక పైపుకి బిగించి ప్రెస్సులో తలకిందులు కాకుండా నిలబెట్టు. కింద ఒక పలక, ముందొకటి వెనకొకటి లోడ్ సెల్, అంటే బరువు కొలిచే సెన్సార్. మడమ వైపు 15 డిగ్రీల వాలు నుంచి మొదలుపెట్టి, వేళ్ల వైపు 25 డిగ్రీల దాకా అయిదేసి డిగ్రీలు మారుస్తూ ప్రతిసారీ మనిషి బరువంత నొక్కు. రెండు సెల్స్ చూపించే బరువుల నిష్పత్తిని బట్టి బరువు పడిన చోటు తెలుస్తుంది. పలక ఎంత కిందికి దిగిందో కూడా రాసుకో. పైన చెప్పిన షీటుని ఈ పైపుకే బిగించినట్టు అనుకుని ఈ చుక్కలన్నీ గీసి చూడు. ఒక పూట పని. నీ కీళ్లన్నిటి గురించీ నేను చెప్పగలిగినదానికన్నా ఆ ఒక్క గీత ఎక్కువ చెబుతుంది.

ఆ గీత ముందుకి ఎంత దూరం పోతుందన్నది మరీ ముఖ్యం. మంచి కాలిలో అది పాదం పొడవులో సుమారు 80 శాతం దాకా వెళ్తుంది. సాక్ పాదంలో లోపలి చెక్క పొట్టి, అక్కడ ఆధారం తొందరగా అయిపోతుంది. అడుగు చివర్లో ఒళ్లు ముందుకి పడిపోతుంది, మంచి కాలు పరుగున వచ్చి ఆ బరువుని ఆపుకోవాలి. నడిచేవాళ్లు దీన్ని చాలా సూటిగా చెబుతారు: "గుంటలో కాలేసినట్టుంది." ముందుభాగం మరీ పొడుగ్గా, మరీ బిగువుగా ఉంటే వాళ్లే "ఎత్తు ఎక్కుతున్నట్టుంది" అంటారు. అప్పుడు మోకాలు వెనక్కి తన్నుకుంటుంది. ఈ రెండు మాటలూ నోట్ చేసుకో. ఎవరు ఏ మాటన్నారో తెలిస్తే ఎటు దిద్దాలో తెలిసినట్టే. గుంటలో పడ్డట్టు ఉండే పాదంతో ఏళ్ల తరబడి నడిస్తే దెబ్బ తినేది ఎక్కువగా మంచి కాలి మోకాలు. పోయిన కాలికి వైద్యం చేస్తూ ఉన్న కాలిని అరగదీయడం నాకు ఎప్పుడూ మింగుడుపడలేదు. ముందుపాదం డిజైన్ చేసేటప్పుడు నీ కళ్ల ముందు ఆ రెండో మోకాలు ఉండాలి.

ఇక మడమ. మడమ తగిలిన క్షణంలో నేల ఇచ్చే తోపుడు చీలమండకి వెనకగా పడుతుంది. మంచి కాలిలో అయితే పిక్క ముందువైపు కండరం పాదాన్ని మెల్లగా నేలకి దించుతుంది. మనకి ఆ పని మడమ మెత్తదనం చెయ్యాలి. మడమ గట్టిగా ఉంటే పాదం నేలకి ఆనేలోపే పిక్క ముందుకి విసురుగా వెళ్లి మోకాలు చటుక్కున వంగుతుంది. మరీ మెత్తనైతే మడమలో కూరుకుపోయి, ముందుకి రావడానికి ఆలస్యం అవుతుంది, మోకాలు బిర్రబిగుసుకుంటుంది. మోకాలి పైనుంచి కాలు పోయినవాళ్ల దగ్గర గట్టి మడమ చాలా ప్రమాదం. కృత్రిమ మోకాలు మడిచేసుకుందంటే మనిషి నేల మీద ఉంటాడు. అందుకే వాళ్లకి మెత్తటి మడమ, పాదం తొందరగా నేలకి ఆనేలా. ఒకే మడమ అందరికీ సరిపెట్టాలని చూడకు, మార్చుకోగలిగే ముక్కలుగా పెట్టు.

కార్బన్ ఫైబర్ గురించి నీకు నాకన్నా ఎక్కువే తెలుసు కాబట్టి తయారీ జోలికి పోను. 1984లో వాన్ ఫిలిప్స్ తెచ్చిన ఫ్లెక్స్ ఫుట్ అనే కార్బన్ ఫైబర్ పాదంలో గొప్పతనం ఒక్క పదార్థానిది కాదు. తనూ కాలు పోయినవాడు కావడం వల్లేమో, స్ప్రింగుని పాదంలోనే ఇరికించకుండా పిక్క పొడవునా పైకి తీసుకెళ్లాడు. పొడుగాటి స్ప్రింగు ఎక్కువ వంగుతుంది, ఎక్కువ శక్తి దాచుకుంటుంది. కానీ దాచుకున్న శక్తి ఎంత తిరిగొచ్చిందన్న దానికన్నా ఎప్పుడు వచ్చిందన్నది చూసుకో. అది రావాల్సింది అడుగు చివర్లో, రెండో కాలి మడమ నేలకి తగిలే ముందు నుంచీ. అంతకుముందే వచ్చేస్తే మనిషిని ముందుకి నెట్టదు, పైకి ఎత్తుతుంది. తొడుక్కున్నవాళ్లకి కాలు ఎగిరిపడినట్టు ఉంటుంది. బ్రోషర్లలో శక్తి శాతాలు చూసి మురిసిపోయేవాళ్లకి ఈ సంగతి పట్టదు.

స్ప్రింగు ఎంత మంచిదైనా తీసుకున్నదానికన్నా ఎక్కువ ఇవ్వలేదు. నిజం చీలమండ ఇస్తుంది. మామూలు నడకలో 70 కిలోల మనిషి చీలమండ ఆ చివరి తోపులో ఒక్క లిప్త పాటు 200 వాట్ల చుట్టుపక్కల పుట్టిస్తుంది. మోటారు పెట్టాలన్న నీ కోరిక అందుకే సహజం. ఎమ్ఐటీలో హ్యూ హెర్ బృందం 2012లో ప్రచురించిన ఫలితాల్లో, మోటారు చీలమండతో మోకాలి కింద కాలు పోయినవాళ్లకి నడకలో ఒంట్లో ఖర్చయ్యే శక్తి మామూలు మనుషులతో సమానంగా వచ్చింది. కానీ 2016లో వేరే బృందం మోటారు తోపుని పెంచుకుంటూ పోయి చూస్తే, ఒంట్లో ఖర్చయ్యే ఆ శక్తి తగ్గలేదు. నాకు దీంట్లో వైరుధ్యం కనపడదు. పాదం ఇచ్చే తోపు సాకెట్ లోంచి, అంటే మొండికాలికి తొడిగే గిన్నెలోంచి, మెత్తటి కండలోంచి ఎముకకి చేరాలి, మనిషి దాన్ని నమ్మి వాడుకోవాలి. మోటారు తర్వాత పెట్టొచ్చు. దొర్లే వంపు సరిగ్గా లేని పాదానికి మోటారు పెడితే తప్పు దిశలో ఇంకా గట్టిగా నెడుతుంది.

బరువు కూడా చూసుకో. 70 కిలోల మనిషి అసలు పాదం కిలో దాకా ఉంటుంది. అదే కిలోని సాకెట్ చివర వేలాడదీస్తే బండరాయి అంటారు, ఎందుకంటే దాన్ని పట్టుకునే కండరాలు లేవు. చీలమండ దగ్గర తగ్గించే ప్రతి 100 గ్రాములకీ విలువుంది. కాలు గాల్లో ఊగేటప్పుడు వేళ్లకీ నేలకీ మధ్య ఉండే ఖాళీ ఒకటి రెండు సెంటీమీటర్లే. మంచి పాదం ఆ సమయంలో వేళ్లని పైకి ఎత్తుకుంటుంది, నీది ఎత్తుకోలేదు. వేళ్ల కొసని కాస్త పైకి లేపి గీయి.

పక్కలకి వంగే కీలు కావాలన్నావు. కావాల్సిందే. గులకరాయి మీద అడుగు పడితే పాదం సర్దుకోకపోతే ఆ మెలిక అంతా సాకెట్‌లో చర్మం మీద పడుతుంది. పుండు పడిన మొండికాలితో ఎవరూ నడవలేరు, ఎంత గొప్ప పాదమైనా గోడకి ఆనించి పెట్టాల్సిందే. కానీ దీనికి ఇరుసు అక్కర్లేదు. కార్బన్ పలకని ముందు నుంచి నిలువుగా చీలిస్తే రెండు సగాలూ విడివిడిగా వంగుతాయి. 1968లో మొదలైన జైపూర్ పాదంలో రబ్బరు దిమ్మలే అన్ని వైపులకీ సర్దుకుంటాయి. గొంతుక్కూర్చోవడానికి కావాల్సినంత వంపు కూడా వాటిలోంచే వస్తుంది. తిరిగే భాగం ఏదైనా అరుగుతుంది, కిర్రుమంటుంది. ఆ శబ్దం తొడుక్కున్న మనిషికి నలుగురిలో ఎంత ఇబ్బందో నేను దగ్గర నుంచి చూశాను.

తయారయ్యాక ఒక మనిషికి తొడిగి చూసేటప్పుడు పాదం వైపు చూస్తూ కూర్చోకు. ముందు శబ్దం విను: రెండు కాళ్ల చప్పుడూ సమానమైన వ్యవధిలో వస్తున్నాయా, మడమ దబ్బుమంటోందా. తర్వాత మోకాలు, తుంటి, భుజాలు. పాదంలో తప్పు ఎప్పుడూ పైన బయటపడుతుంది. చదునైన నేల మీద బాగుందంటే సంతోషపడిపోకుండా వాలు దింపు, మెట్లు దింపు, ఆగి వెనక్కి తిరగమను. అప్పుడప్పుడూ వంటగదిలో నిలబడి పని చేస్తున్నట్టు చిన్న చిన్న పక్క అడుగులు వేయించు, రోజంతా ఎక్కువగా వేసేవి అవే. బాగోలేదంటే వెంటనే పాదాన్ని తిట్టకు. అలైన్‌మెంట్‌లో, అంటే పాదాన్ని కాలికి బిగించిన తీరులో, రెండు డిగ్రీల తేడా, సెంటీమీటరు ముందూ వెనకా, మంచి పాదాన్ని చెడ్డదిగా చూపిస్తాయి. అందుకే మొదటి రోజు నుంచీ అనుభవమున్న ప్రోస్థటిస్ట్, అంటే కృత్రిమ కాళ్లు అమర్చే నిపుణుడు, నీ పక్కన ఉండాలి. ఆయన మాట విను. నీ లెక్కలు ఆయనకి అర్థమయ్యే భాషలో చెప్పు.

మన్నిక పరీక్షకి ఐఎస్ఓ 10328 అనే అంతర్జాతీయ ప్రమాణం ప్రకారం మడమ మీదా ముందుపాదం మీదా 20 లక్షల సార్లు నొక్కాలి. ఐఎస్ఓ 22675లో మడమ నుంచి వేళ్ల దాకా దొర్లిస్తూ నొక్కుతారు, మన పనికి అదే దగ్గర. విరగలేదని రాసేసి ఊరుకోకు. పరీక్ష అయ్యాక వంపు గీత మళ్లీ తియ్యి. ఫోము అణిగిపోయి మడమ మెత్తబడితే అది పగిలినట్టు కనపడదు, నడక మాత్రం మారిపోతుంది.

ఇంకొక్కటి. కొలతలన్నీ పైతొడుగు వేసి, షూ వేసి కూడా తీసుకో. రబ్బరు తొడుగు పాదాన్ని నువ్వనుకున్నదానికన్నా బిగించేస్తుంది, షూ అడుగు దొర్లే వంపునే మార్చేస్తుంది. వచ్చే నెలలో కొత్త అచ్చు పోయించే ముందు నాకు నాలుగు గ్రాఫులు పంపు: మడమది, ముందుపాదానిది, షూతో ఒకసారి, లేకుండా ఒకసారి. చూసి ఫోన్ చేస్తాను. ఆ పూట ప్రోస్థటిస్ట్‌నీ లైన్లోకి తీసుకో.

ఇట్లు,
మావయ్య