చలికాలం పొద్దున్నే ఆటోమేటిక్ గేర్లు ఆలస్యంగా పడుతుంటే: సెమిలిగుడ నుంచి నా అనుభవం

మీరు ఒడిశా కొండల్లోని సునాబెడలో ఉంటామని రాశారు. పోయిన ఏడాది కొన్న పెట్రోలు ఆటోమేటిక్ కారు. డిసెంబరు వచ్చిన దగ్గర్నుంచి పొద్దున్నే రెండో గేరు నుంచి మూడోది పడటానికి ఆలస్యం, ఆర్పీఎం (ఇంజన్ తిరిగే వేగం) ముల్లు పైకి పోవడం, అప్పుడప్పుడు జర్కు. కొంత దూరం వెళ్లాక అన్నీ సర్దుకుంటున్నాయి. సర్వీస్ సెంటర్ వాళ్లు "నార్మలే సార్" అన్నారు, నమ్మాలా వద్దా అన్నది మీ ప్రశ్న.

నేను మీ పక్కనే, సెమిలిగుడలో ఉంటానండి. నాది టార్క్ కన్వర్టర్ ఆటోమేటిక్, అంటే ఇంజన్ శక్తిని నూనె ద్వారా గేరుబాక్సుకు అందించే రకం. మీరు చెప్పినవన్నీ నాకూ వచ్చాయి. వాటిలో కొన్ని నిజంగానే నార్మల్, కొన్ని కావు. రెండూ ఒకే టైములో కనిపిస్తాయి కాబట్టే మనకు టెన్షన్, వాళ్లకు తప్పించుకునే వీలు.

నార్మల్ ఏదో ముందు చెప్తాను. ఈ గేరుబాక్సులో నూనె (ఏటీఎఫ్ అంటారు) పళ్లు అరగకుండా చూడటానికే కాదు, గేర్లు మార్చేది కూడా దాని ఒత్తిడే. చల్లగా ఉంటే అది పేరిన నెయ్యిలా మొండికేస్తుంది. ఇప్పటి పల్చటి ఏటీఎఫ్‌లలో కూడా 40 డిగ్రీల దగ్గర ఉన్న చిక్కదనం 100 డిగ్రీలకు వచ్చేసరికి సుమారు అయిదో వంతుకు పడిపోతుంది. మన దగ్గర తెల్లవారుజామున పది డిగ్రీల లోపు ఉంటుంది కాబట్టి ఎంత చిక్కగా ఉంటుందో ఊహించుకోండి. ఈ సంగతి గేరుబాక్సు కంప్యూటరుకు తెలుసు. అందుకే నూనె వేడెక్కేదాకా పై గేరు కావాలనే ఆలస్యంగా వేస్తుంది. టార్క్ కన్వర్టర్‌లో ఇంజన్‌నూ గేరుబాక్సునూ నేరుగా కలిపే లాకప్ క్లచ్ అని ఒకటుంటుంది, దాన్నీ అప్పటిదాకా పట్టనివ్వదు. పైగా ఇంజన్ కాస్త ఎక్కువ తిరిగితే సైలెన్సరు దారిలో ఉండే క్యాటలిటిక్ కన్వర్టర్ త్వరగా వేడెక్కి పొగ శుభ్రపడుతుంది. కొత్త కార్లలో ఇది ఎక్కువగా కనిపించడానికి అదీ ఒక కారణం. కాబట్టి మొదటి కొన్ని కిలోమీటర్లు ఆర్పీఎం ఎక్కువ ఉండటం, గేరు ఆలస్యంగా మారడం వరకు దిగులు పడకండి.

కానీ ఒక మాట. యూట్యూబులో కెనడా వాళ్ల వీడియోలు చూసి "చలికి ఇంతేలే" అనుకోవద్దు. వాళ్లది సున్నాకు ఇరవై డిగ్రీల కింది చలి. దేవమాలి కొండ కింద మనం వణికేది మనకు ఎక్కువే గానీ, గేరుబాక్సుకు అది పెద్ద లెక్క కాదు. ఈ మాత్రం చలికి డి లో (ముందుకు నడిపే స్థానంలో) పెట్టాక బండి రెండు మూడు సెకన్లు కదలకపోవడం, గేరు మధ్యలో పట్టు వదిలేసి ఇంజన్ ఒక్కటే రయ్యిమనడం, ధన్ మని తన్నడం, ఒకే గేరులో ఇరుక్కుపోవడం... వీటిలో ఏదీ నార్మల్ కాదు. ఎవరు చెప్పినా ఒప్పుకోకండి.

ఈ నాలుగింటిలో నాకు వచ్చింది మొదటిదే. పొద్దున డి లో పెడితే కాసేపు ఏమీ ఉండదు, తర్వాత ఒక్క కుదుపుతో పట్టుకునేది. సర్వీసుకు కిందికి తీసుకెళ్లాను. మన కష్టమంతా ఇక్కడే ఉందండి. పొట్టంగి, సుంకి ఘాటీ దిగి సాలూరు మీదుగా మైదానంలోకి వెళ్లేసరికి గేరుబాక్సు బాగా కాగి ఉంటుంది. వాళ్లు మధ్యాహ్నం ఒక రౌండు తిప్పి "ప్రాబ్లం ఏం లేదు" అని రాసిచ్చారు. రాత్రంతా అక్కడే వదిలేసి, పొద్దున్నే చూడమన్నాను. ఆ ఊళ్లో రాత్రి కూడా మన పగలంత వెచ్చగా ఉంటుంది, ఇంకేం కనపడుతుంది? చలిలో వచ్చే జబ్బు మనతోపాటు ఘాటీ దిగదు.

అందుకని ఇక్కడే సాక్ష్యం తీశాను. రాత్రంతా బయట నిలిపిన బండిని పొద్దున్నే స్టార్ట్ చేసి, బయటి టెంపరేచరు, ఆర్పీఎం, గేరు అక్షరం మూడూ కనిపించేలా ఫోను హోల్డరులో పెట్టి వీడియో తీశాను. డి లో పెట్టిన క్షణం నుంచి బండి కదిలేదాకా కట్ చేయకుండా. స్టీరింగ్ కింద ఉండే, బండి కంప్యూటరు వివరాలు చదివే ఓబీడీ సాకెట్టుకు పెట్టుకునే చిన్న బ్లూటూత్ అడాప్టరు కూడా కొన్నాను. కొన్ని కార్లలో గేరు నూనె వేడి దాంతో ఫోనులో కనిపిస్తుంది. పీ0700 అనే లోపాల కోడ్ వస్తే జబ్బు అదే అనుకోకండి. గేరుబాక్సు కంప్యూటరులో ఏదో తప్పు నమోదైందని చెప్పడం వరకే దాని పని. అసలు కోడ్ సర్వీస్ సెంటర్ పెద్ద స్కానరులోనే దొరకొచ్చు. పీ0711 లాంటిది వస్తే నూనె వేడి కొలిచే సెన్సారు వైపు చూడాలి.

నా బండిలో కోడ్ ఏదీ లేదు. వీడియో చూశాక ఒక సీనియర్ టెక్నీషియన్ నూనె లెవెల్ చూశాడు. కూలర్ పైపు సీలు దగ్గర సన్నగా చెమ్మ, లెవెల్ తక్కువ. చల్లబడ్డ నూనె ఇంకాస్త కుంచించుకుపోతుంది కదా, ఉన్న కాస్తా తగ్గి పంపు గాలి పీల్చేది. వేడెక్కితే పొంగి సరిపోయేది. ఇప్పటి చాలా కార్లలో దీనికి డిప్‌స్టిక్ ఉండదు. నూనెను కంపెనీ చెప్పిన వేడికి తెచ్చి, ఇంజన్ నడుస్తుండగా కింద లెవెల్ ప్లగ్గు విప్పి చూడాలి. అందుకే చాలామంది మెకానిక్కులు దాని జోలికే పోరు. సీలు మార్చి నూనె నింపాక డి లో ఆలస్యం పోయింది. గేరు లేటుగా మారడం మాత్రం ఈ చలికాలం కూడా ఉంది, అది ఉంటుంది.

మీది ఏ రకం ఆటోమేటిక్కో రాయలేదు. ఏఎంటీ అయితే ఈ కథ మీకు వర్తించదు. అది మామూలు మాన్యువల్ గేరుబాక్సే, క్లచ్చు, గేరు మార్చేది మోటారు. మా బావమరిదిది అదే. చలికి బ్యాటరీ నీరసపడితే గేరు వేయడానికి తటపటాయిస్తుంది. ముందు బ్యాటరీ చెక్ చేయించండి. డ్రై క్లచ్ డీసీటీ (నూనెలో మునగని రెండు క్లచ్చుల రకం) అయితే మంచు పొద్దుల్లో క్లచ్చు ప్లేట్ల తేమకు మొదటి రెండు మూడు కదలికల్లో వణుకు రావచ్చు, రోజంతా వణికితే చూపించాలి. సీవీటీలో (బెల్టుతో నడిచే రకం) అసలు గేర్ల మెట్లే ఉండవు, ఆర్పీఎం కాసేపు ఎక్కువ ఉండటం తప్ప జర్కు రాకూడదు.

ఇంకోటి, చాలామంది దీన్నీ చలి లెక్కలో వేస్తారు. మనవన్నీ ఏటవాలు వీధులు. ముందే పి (పార్కింగ్) లో పెట్టి బ్రేకు వదిలేస్తే బండి బరువంతా లోపలి చిన్న కొక్కెం మీద పడుతుంది, పొద్దున తీసేటప్పుడు టక్కుమంటుంది. బ్రేకు తొక్కి ఉంచి, హ్యాండ్ బ్రేకు లాగాకే పి లోకి వెళ్లండి.

పొద్దున స్టార్ట్ చేయగానే డి లో పెట్టకుండా ఆర్పీఎం కిందికి దిగేదాకా, అంటే అర నిమిషమో నిమిషమో, ఆగండి. అంతకు మించి నిలబెట్టి వేడి చేయక్కర్లేదు. నిలబడ్డ బండిలో గేరు నూనె పెద్దగా కాగదు, మెల్లగా నడిపితేనే కాగుతుంది. ఎవరైనా "ఎర్ర ఆయిలు అన్నిటికీ ఒకటే" అని పోయబోతే చెయ్యి పట్టుకుని ఆపండి. సీవీటీలో మామూలు ఏటీఎఫ్ పోస్తే లోపలి బెల్టు జారి పాడవుతుంది.

మీ బండి ఇంకా వారంటీలోనే ఉంది కాబట్టి ఈ చలి పోకముందే వెళ్లండి. జాబ్ కార్డు మీద "గేర్ ప్రాబ్లం" అని రాయనివ్వకండి. "రాత్రంతా నిలిపిన తర్వాత, బయట ఇన్ని డిగ్రీలున్నప్పుడు, డి లో పెట్టాక ఇన్ని సెకన్లు ఆలస్యం" అని రాయించి, వీడియో వాళ్ల వాట్సాప్‌కు పంపి, కార్డు కాపీ తీసుకోండి. రేపు వారంటీ అయిపోయాక ఇదే కంప్లయింటు పెద్దదైతే, ముందే చెప్పామనడానికి మీ దగ్గరుండేది ఆ కాగితమే.