ఉప్పునీటి రీలుకు బండి గ్రీజు పనికొస్తుందా?

సముద్రపు ఒడ్డున చేపలు పట్టడానికి వాడుతున్న 4000 సైజు స్పిన్నింగ్ రీలును, అంటే గాలం కర్రకు బిగించి లైను చుట్టే చక్రాన్ని, ఇంట్లోనే విప్పి సర్వీసు చేసుకోవాలనుకుంటున్నానని, కంపెనీ గ్రీజు ట్యూబు ఖరీదు మరీ ఎక్కువగా ఉన్నందువల్ల మెకానిక్ షెడ్డులో దొరికే బండి గ్రీజు వాడితే నష్టమేమైనా ఉందా అని, నూనెల్లో ఏది మంచిదని మీరు అడిగారు. బండి గ్రీజు కొన్ని చోట్ల పనికొస్తుంది, కొన్ని చోట్ల పనికిరాదు, ఒక్క చోట మాత్రం ఏ గ్రీజూ పొరపాటున కూడా తగలకూడదు. నిజం చెప్పాలంటే ఆ ఒక్క చోటు గురించి చెప్పడానికే నేను ఈ జవాబు రాస్తున్నాను. దాని మూలంగా నాకు దక్కవలసిన చేప ఒకటి చేయి జారిపోయింది, ఎడమచేతి బొటనవేలి గోరు నెల రోజులపాటు నల్లగా కమిలి ఉండిపోయింది.

నేను విశాఖపట్నంలో ఉంటాను. రుషికొండ, యారాడ రాళ్ల మీద నుంచి, భీమిలి దగ్గర గోస్తనీ నది సముద్రంలో కలిసే మొగ దగ్గర నుంచి చాలా ఏళ్లుగా గాలం వేస్తున్నాను. మొదట్లో రీలు విప్పే ధైర్యం లేక, హ్యాండిల్ సందులో రెండు చుక్కల నూనె వేసి సరిపెట్టుకునేవాణ్ని. మూడో ఏడు వచ్చేసరికి తిప్పినప్పుడల్లా లోపల ఇసుక నలుగుతున్న చప్పుడు మొదలైంది. అప్పుడు ఒక వీడియో చూశాను. అందులో ఒకాయన సైడ్ ప్లేటు తీసి, గేర్లు కనబడకుండా పోయేంతగా గ్రీజు కూరి, ఇక పదేళ్ల వరకు దీనికి తిరుగులేదని చెప్పాడు. నేను నమ్మాను. మా వీధి చివరి మెకానిక్ ఒక ఖాళీ తలనొప్పి మందు డబ్బా నిండా చాసిస్ గ్రీజు ఉచితంగా నింపి ఇచ్చాడు. ఉచితంగా వచ్చింది కదా అని గేర్లకు, షాఫ్టుకు, బేరింగులకు, లైను ఉండే స్పూల్ చుట్టూ తిరిగే రోటరు కింద నిగనిగలాడుతూ కనబడిన లోహపు గొట్టానికి, దాని చుట్టూ ఉన్న చిన్న చిన్న సూదుల్లాంటి రోలర్లకు, చేప గట్టిగా లాగినప్పుడు లైనును కొద్దికొద్దిగా వదిలే డ్రాగ్ వాషర్లకు కూడా దట్టంగా పట్టించాను. ఆ గొట్టమూ సూదులూ ఉన్న భాగమే వన్‌వే క్లచ్ అని, హ్యాండిల్ వెనక్కి తిరగకుండా ఆపేది అదేనని నాకు అప్పటికి తెలియదు.

ఇంట్లో తిప్పి చూస్తే రీలు తిరగలి తిప్పినట్టు బరువుగా ఉంది గాని చప్పుడు పూర్తిగా పోయింది. హ్యాండిల్‌ను నెమ్మదిగా వెనక్కి తోస్తే ఆగుతూనే ఉంది. ఇంకేం కావాలనుకుని ఆ ఆదివారమే బావతో కలిసి భీమిలి వెళ్లాను. అక్టోబరు నెల, పోటు తగ్గుతున్న సాయంత్రం, మొగలో నీరు గోధుమరంగులో సముద్రంలోకి లాగుతోంది. నాలుగైదు సార్లు విసిరిన తరువాత, ఇసుక తిన్నె అంచున లూర్‌ను, అంటే ఎరగా వాడే బొమ్మ చేపను, ఏదో పెద్దది పట్టింది. అది పార చేప అని ఆ మొదటి లాగుడు తీరులోనే తెలిసింది, ఎందుకంటే పండుగప్ప అయితే ముందు నీటిపైకి ఎగిరి తల విదిలిస్తుంది, పార మాత్రం తల వంచి ఒకే దిక్కున లోతుకు దూసుకుపోతుంది. నేను గాలం గుచ్చుకునేలా కర్రను గట్టిగా వెనక్కి గుంజాను. ఆ గుంజుడుకు డ్రాగ్ విడిచి లైను నిదానంగా వెళ్లవలసింది పోయి, హ్యాండిల్ నా వేళ్లలోంచి విడిపించుకుని వెనక్కి గిరగిర తిరిగింది. ఒక చుట్టు తిరిగి వచ్చిన హ్యాండిల్ చివరి పిడి, అంటే నాబు, బొటనవేలి గోరు మీద సుత్తి దెబ్బలా పడింది. రెండు క్షణాల తరువాత క్లచ్ టక్కున పట్టుకుంది, మళ్లీ జారింది, మళ్లీ పట్టుకుంది. ఆ పట్టు విడుపుల మధ్య లైను వదులై స్పూల్ చుట్టూ ఉచ్చులు పడింది, లూర్ ఒంటరిగా తిరిగి వచ్చింది. దాని కొక్కెం ఒకటి సాగిపోయి ఉంది.

ఆ రాత్రి వంటింటి బల్ల మీద పాత వార్తాపత్రిక పరిచి రీలు విప్పితే, బావ తొంగి చూసి “ఇదేటి బావా, ఆవకాయ కలిపినట్టు కలిపేసినావు?” అన్నాడు. ఆ మాట నాకు ఇప్పటికీ తగులుతుంది, ఎందుకంటే అంతకంటే కచ్చితంగా దాన్ని వర్ణించడం నావల్ల కూడా కాదు.

జరిగింది ఇది. వన్‌వే క్లచ్‌లోని సూది రోలర్లను సన్నని చిన్న స్ప్రింగులు ఒక ఏటవాలు సందులోకి తోస్తూ ఉంటాయి. హ్యాండిల్ ముందుకు తిరిగినప్పుడు రోలర్లు సందు వెడల్పుగా ఉన్న వైపుకు జరిగి ఊరికే దొర్లుతాయి. వెనక్కి తిరగబోతే ఇరుకైన వైపుకు జరిగి, మధ్యనున్న గొట్టానికీ బయటి కప్పుకూ నడుమ చీలలా బిగుసుకుపోతాయి. ఆ స్ప్రింగుల బలం ఎంతో స్వల్పం. చిక్కని గ్రీజులో కూరుకుపోయిన రోలరును సమయానికి ఇరుకులోకి తోయడం వాటి వల్ల కాదు. నెమ్మదిగా తోసినప్పుడు వాటికి వ్యవధి దొరుకుతుంది గనుక ఇంట్లో పరీక్షలో అంతా బాగున్నట్టే కనిపిస్తుంది, చేప ఒక్కసారిగా లాగినప్పుడు ఆ వ్యవధి ఉండదు. అందుచేత ఈ భాగానికి గ్రీజు పూర్తిగా నిషిద్ధం. క్లచ్‌ను లోపల విడదీయకుండా, అలాగే మొత్తంగా తీసి ఐసోప్రొపైల్ ఆల్కహాలులో కడిగి, బాగా ఆరనిచ్చి, పల్చని నూనె ఒకే ఒక్క చుక్క వేయాలి. విడదీస్తే సూదులు నేల మీద దొర్లుతాయి, వాటిని ఏరుకుంటూ మీరు ఒక పూట గడపవలసి వస్తుంది. మధ్య గొట్టాన్ని గుడ్డతో తుడిచి, నూనె తడి వేలితో రాస్తే చాలు.

ఇక గేర్ల సంగతి. ఇక్కడ గ్రీజే కావాలి, నూనె నిలవదు. బండికి వాడే గ్రీజు సాధారణంగా లిథియం సబ్బుతో చిక్కబరిచినది, గ్రీజు చిక్కదనాన్ని చెప్పే ఎన్‌ఎల్‌జీఐ కొలత ప్రకారం 2వ గ్రేడుది. 25 డిగ్రీల వేడిలో ఒక ప్రామాణికమైన శంకువును గ్రీజు మీద 5 సెకన్ల పాటు వదిలితే అది ఎంత లోతు దిగుతుందో చూసి ఈ గ్రేడు నిర్ణయిస్తారు. 2వ గ్రేడులో 26.5 నుంచి 29.5 మిల్లీమీటర్లు దిగుతుంది, 0 గ్రేడులో 35.5 నుంచి 38.5 వరకు దిగుతుంది. అంటే అంకె తగ్గినకొద్దీ గ్రీజు పల్చబడుతుంది. లారీ చక్రపు బేరింగుకు నప్పిన 2వ గ్రేడు, అరచేతిలో ఇమిడే రీలుకు కాస్త బరువే. రోజంతా చిన్న లూర్లు విసిరేవారి మణికట్టుకు ఆ తేడా సాయంత్రానికి తెలిసివస్తుంది. నేను మూడు పాళ్ల గ్రీజులో ఒక పాలు పల్చని నూనె వేసి, అగ్గిపుల్లతో కలిపి, పాత పెయింటు బ్రష్షుతో పళ్ల మీద మాత్రమే పూస్తాను. పళ్ల ఆకారం కనబడుతూ ఉండాలి. అంతకు మించి పెట్టినదంతా నాలుగు చుట్లలో పళ్ల మీద నుంచి ఎగిరి మూలల్లోకి చేరుతుంది, దానివల్ల గేరుకు ఒరిగేదేమీ లేదు.

అయితే మీది ఉప్పునీటి రీలు గనుక, లిథియం గ్రీజు కంటే పడవ వెనుక బిగించే అవుట్‌బోర్డ్ ఇంజన్ల ప్రొపెల్లర్ షాఫ్టుకు పూసే మెరైన్ గ్రీజు మేలన్నది నా గట్టి అభిప్రాయం. బోటు ఇంజన్లు బాగుచేసే దుకాణాల్లో అడగండి. డబ్బా మీద కాల్షియం సల్ఫొనేట్ అని రాసి ఉంటే కళ్లు మూసుకుని కొనవచ్చు, ఉప్పునీటికి కొట్టుకుపోకుండా, లోహం తుప్పు పట్టకుండా చూసే గుణం ఆ రకానికి స్వతహాగా ఉంది. ఒక డబ్బా కొంటే మీ రీళ్లకే కాదు, మీ మనవళ్ల రీళ్లకు కూడా సరిపోతుంది. బొటనవేలంత ట్యూబు మీద చేప బొమ్మ వేసి ఆ ధర పెట్టడం నాకు ఎప్పటికీ మింగుడుపడదు. కాని పాత గ్రీజు మీదే కొత్త రకం పూయకండి. వేరువేరు సబ్బులతో చేసిన గ్రీజులు కొన్ని ఒకదానితో ఒకటి కలిస్తే మెత్తబడి నూనెను వదిలేస్తాయి, అది కారుతూ పోయి సరిగ్గా వన్‌వే క్లచ్‌లోకే చేరుతుంది. లోహపు గేర్లను కిరోసిన్‌లో టూత్‌బ్రష్షుతో కడిగి, ఆ జిడ్డు పోయేలా గిన్నెలు తోమే సబ్బునీటితో మళ్లీ కడిగి ఆరబెట్టండి. పెట్రోలు జోలికి వెళ్లవద్దు, రబ్బరు సీళ్లు ఉబ్బుతాయి, పైగా అది వంటింట్లో చేసే పని కాదు. స్క్రూల మరలకు కూడా ఇదే గ్రీజు కాస్త రాయండి. అల్యూమినియం బాడీలో స్టీలు స్క్రూ, మధ్యలో ఉప్పునీరు చేరితే అల్యూమినియం తినేయబడి స్క్రూ అందులో సమాధి అవుతుంది. నా దగ్గర అలా తల విరిగిన స్క్రూతో ఒక రీలు ఉంది, దాన్ని ఇప్పుడు కాగితాలు ఎగరకుండా బరువుగా వాడుకుంటున్నాను.

డ్రాగ్ దగ్గర పొదుపు చేయకండి. కార్బన్ వాషర్లకు టెఫ్లాన్ కలిసిన డ్రాగ్ గ్రీజు మాత్రమే, అదీ పూసి తుడిచేసినంత పల్చగా రాయాలి. బండి గ్రీజు పూసిన నా డ్రాగ్ లైనును ఒకే వేగంతో వదలకుండా, పట్టి పట్టి, ఒక్కసారి వదిలి, మళ్లీ పట్టేది. సన్నని లైను తెగడానికి అంతకంటే మంచి మార్గం లేదు. ఫెల్ట్ వాషర్లు ఉన్న చిన్న రీళ్లలో కూడా డ్రాగ్ కోసమే చేసిన గ్రీజు వాడితేనే మంచిది. బోటు మీద వాడే పెద్ద రీళ్ల లోపల గ్రీజు దట్టంగా కూరే వాళ్లు ఉన్నారు, అది వేరే లెక్క, ఒడ్డు మీద విసిరే మనకు అది వర్తించదు.

నూనెకు వస్తే, కుట్టుమిషను నూనె నాకు సరిపోయింది. హ్యాండిల్ నాబులకు, లైనును పట్టి నడిపే బెయిల్ తీగ కీళ్లకు, ఆ క్లచ్‌లోని ఒక్క చుక్కకు అదే వాడతాను. బెయిల్ చివర లైను ఆనుకుని తిరిగే లైన్ రోలర్‌లోని బేరింగు మాత్రం ఉప్పుకు అన్నిటికంటే ముందు బలయ్యేది గనుక, అందులో నూనె వారానికే కడుగుకుపోతుంది. అక్కడ నేను గేర్లకు కలిపిన మిశ్రమాన్నే పెడతాను. కొబ్బరినూనె వేసిన వారిని చూశాను, దయచేసి వద్దు, అది చలికి గడ్డకట్టి బేరింగును పట్టేస్తుంది. మీ రీలు డైవా కంపెనీదై, దాని మీద మ్యాగ్‌సీల్డ్ అని ఉంటే, ఆ భాగంలో ఏ నూనే వేయకూడదు. అక్కడ అయస్కాంతం పట్టి ఉంచే నూనె పొర ఒకటి నీటికి అడ్డుగోడలా ఉంటుంది, మామూలు నూనె కలిస్తే అది చెడుతుంది.

ప్రతి రోగానికీ డబ్ల్యూడీ-40 చల్లమని చెప్పే దుకాణదారుల మీద నాకొక ఫిర్యాదు ఉంది. 1953లో అమెరికాలోని శాన్ డియాగోలో ఒక చిన్న సంస్థ, రాకెట్ల లోహాన్ని తుప్పు నుంచి కాపాడేందుకు, నీటిని తరిమే ద్రవంగా దాన్ని తయారు చేసింది. నలభయ్యో ప్రయత్నంలో కుదిరింది గనుక పేరులో 40 ఉండిపోయింది. నీటిని తరమడంలో దానికి వంక పెట్టలేము. కాని దాన్ని గేర్ల మీద చల్లితే ఉన్న గ్రీజును పల్చబరిచి కడిగేస్తుంది, దానిలో అధిక భాగం ఆవిరైపోయి, మిగిలే పొర గేరు పళ్ల ఒత్తిడిని మోసేంత మందంగా ఉండదు. బిగుసుకుపోయిన స్క్రూను కదిలించడానికి వాడండి, అక్కడితో ఆపండి.

ఏ గ్రీజు పూసినా, వేట నుంచి వచ్చాక రీలును కడగకపోతే ఆరు నెలలకు అన్నీ ఒకటే అవుతాయి. డ్రాగ్ నాబును పూర్తిగా బిగించి, కుళాయి సన్నగా తిప్పి, ఆ ధార కింద రీలును నిమిషంపాటు తిప్పండి. బకెట్‌లో ముంచడం, పైపుతో జోరుగా కొట్టడం చేస్తే ఉప్పును మీరే లోపలికి నెట్టినవారవుతారు. తుడిచి, నీడలో ఆరాక డ్రాగ్‌ను వదులు చేసి పెట్టండి, బిగించి వదిలేస్తే వాషర్లు అణిగిపోయి ఉండిపోతాయి. నేను ఇలా కడుగుతూ ఉంటాను గనుక, ఏడాదికి ఒకసారి మాత్రమే, వానలు తగ్గాక విప్పుతాను. విప్పే ముందు ప్రతి భాగం తీసిన వరుసలోనే ఫోన్‌తో ఫొటో తీయండి, గేరు కింద సందు సరిచేసే వెంట్రుకంత పల్చని రింగుకు, అంటే షిమ్ముకు, ప్రత్యేకంగా ఒక ఫొటో తీయండి, గ్రీజుకు అంటుకుని అది మీ గుడ్డతో పాటు చెత్తబుట్టలోకి పోతుంది.

తిరిగి బిగించాక, రీలును ఒక చేత్తో గట్టిగా పట్టుకుని, హ్యాండిల్‌ను రెండో చేత్తో వెనక్కి నెమ్మదిగా కాకుండా, పార లాగినట్టు ఒక్క ఉదుటున పదిసార్లు కుదపండి. పదిలో ఒక్కసారి జారినా క్లచ్‌ను మళ్లీ ఆల్కహాలులో వేయండి.