పూత తేదీలు రాసుకునే చదువుకు జీతం ఎవరిస్తారు?

ప్రశ్న: మా అమ్మాయి విజయవాడలో హాస్టల్లో ఉండి ఇంటర్ సెకండియర్ బైపీసీ చదువుతోంది. నీట్ కోచింగ్ కూడా ఇప్పిస్తున్నాం. ఇప్పుడేమో డాక్టర్ చదువు వద్దట. చెట్లు ఎప్పుడు పూస్తున్నాయి, ఎండలు పెరిగి ఆ కాలం ఎలా మారుతోంది అన్నదాని మీద పరిశోధన చేస్తానంటోంది. 'ఈసారి ఉగాదికి మన వీధిలో వేపకు సరిగా పూతే లేదు, అదంతా వాతావరణ మార్పే' అని నాతో వాదన. నేను మిర్చి యార్డులో గుమస్తాను. పూలు పూసిన తేదీలు రాసుకుంటే జీతం ఎవరిస్తారండీ?
- ఒక తండ్రి, గుంటూరు

జవాబు: ఇస్తారు, కాకపోతే ఆలస్యంగా. పీజీ అయ్యాక సీఎస్ఐఆర్-యూజీసీ నెట్ అనే జాతీయ పరీక్షలో జేఆర్ఎఫ్ (పరిశోధన చేసేవాళ్లకిచ్చే ఫెలోషిప్) వస్తే పీహెచ్‌డీ చేస్తుండగా మొదటి రెండేళ్లు నెలకు రూ.37,000, ఆ తర్వాత రూ.42,000. హెచ్ఆర్ఏ అదనం. ఆ పైన యూనివర్సిటీలోనో పరిశోధన సంస్థలోనో పర్మినెంటు ఉద్యోగం దొరికేసరికి ముప్పై దాటడం మామూలే. ఈలోగా 'ఇంకా చదువేనా, సంబంధాలు చూడరా' అని చుట్టాలు మిమ్మల్ని తినేస్తారు. దానికి మాత్రం నా దగ్గర మందు లేదు.

ఇక వేప సంగతి. ఉగాది చాంద్రమానం పండగ. 2024లో ఏప్రిల్ 9న వచ్చింది, 2026లో మార్చి 19న. మూడు వారాల తేడా! వేపకు పంచాంగంతో పని లేదు కదా. పండగ ముందుకు జరిగిన ఏడాది పచ్చట్లోకి పువ్వు కోసం వెతుక్కుంటే అది వాతావరణ మార్పుకు రుజువు కాదు. మీ అమ్మాయికి ఇది చెప్పి చూడండి. ముఖం ముడుచుకుంటే ఒక లెక్క. 'అయితే ఇంగ్లిషు తేదీలు రాసుకుని కొన్నేళ్లు పోల్చాలన్నమాట' అందంటే ఆ పిల్ల ఈ చదువుకు పనికొస్తుంది.

ఎందుకంటే ఈ పరిశోధన అంతా పాత తేదీల మీదే నడుస్తుంది. దీన్ని ఫీనాలజీ అంటారు. జపాన్‌లోని క్యోటోలో చెర్రీ పూత తేదీలు క్రీ.శ. 812 నుంచి దొరుకుతున్నాయి. 2021లో మార్చి 26కే నిండా పూసింది. ఆ పన్నెండు వందల ఏళ్ల రికార్డులో అంత ముందుగా పూసిన ఏడాది అప్పటిదాకా లేదు. అమెరికాలోని కాంకర్డ్ ఊళ్లో రచయిత హెన్రీ డేవిడ్ థోరో 1850లలో ఏ మొక్క ఎప్పుడు పూసిందో రాసిపెట్టుకున్నాడు. బోస్టన్ యూనివర్సిటీలో ఎకాలజిస్టు రిచర్డ్ ప్రైమాక్, ఆయన శిష్యుడు మిల్లర్-రషింగ్ ఆ తేదీలను ఇప్పటివాటితో పోల్చి, మొక్కలు సగటున వారం ముందే పూస్తున్నాయని 2008లో తేల్చారు.

అక్కడి చలిదేశపు సూత్రం ఇక్కడ అతకదు. మన మామిడికి పూత పట్టాలంటే శీతాకాలంలో చల్లటి రాత్రులు కావాలి. చలి సరిగా పడకపోతే కొమ్మ చివర పూతకు బదులు చిగురు వస్తుంది. వచ్చిన పూత కూడా విడతలు విడతలుగా వస్తుంది. అంటే వేడి పెరిగితే అక్కడ పూత ముందుకు జరిగింది, ఇక్కడ ఆలస్యం కావచ్చు, అసలు రాకనూ పోవచ్చు. నూజివీడు వైపు పూత చూసి తోట పట్టుకునే వ్యాపారిని అడగండి, ఇందులో డబ్బు ఎంత ఉందో ఆయనే చెబుతాడు.

చదువు దారికి వస్తే, నా మొదటి ఓటు ఐసర్‌కి, అంటే సైన్స్ చదువుకూ పరిశోధనకూ కేంద్రం పెట్టిన సంస్థకి. తిరుపతిలోనే ఉంది, ఐదేళ్ల బీఎస్-ఎంఎస్. ప్రవేశ పరీక్ష ఐఏటీలో 60 ప్రశ్నలు, బయాలజీ, కెమిస్ట్రీ, ఫిజిక్స్, మ్యాథ్స్ తలా 15. నీట్‌కు చదివిన పిల్లకు మూడు వంతులు చేతిలో ఉన్నట్టే. ఆ నాలుగో వంతే చిక్కు. లెక్కలంటే పడక బైపీసీలో చేరిందా అన్నది మీరు సూటిగా అడగాల్సిన ప్రశ్న. ఎకాలజిస్టు అడవిలో తిరిగేది కొంతే, మిగతాదంతా కంప్యూటర్ ముందు స్టాటిస్టిక్స్.

మీకు భయంగా ఉంటే బీఎస్సీ అగ్రికల్చర్ ఉంది. ఈఏపీసెట్ ర్యాంకుతో బాపట్ల కాలేజీలో సీటు వస్తే ఇంటికి దగ్గర, ఉద్యోగాలూ కాస్త ఎక్కువ. పంటల పూత మీద పరిశోధనకు అక్కడి నుంచీ వెళ్లొచ్చు. మామూలు బీఎస్సీ చేసినా బెంగళూరులోని జీవశాస్త్ర పరిశోధన సంస్థ ఎన్‌సీబీఎస్‌లో వైల్డ్‌లైఫ్ ఎమ్మెస్సీ ఉంది. సీట్లు చాలా తక్కువ కాబట్టి దాని మీదే ఆశ పెట్టుకోవద్దు.

ఈలోగా పైసా ఖర్చు లేని పరీక్ష ఒకటి. సీజన్‌వాచ్ అని దేశమంతటా పిల్లలు, టీచర్లు చెట్లను గమనించి నమోదు చేసే కార్యక్రమం నడుస్తోంది. ఒక చెట్టును ఎంచుకుని వారానికోసారి చూడాలి. చిగురు, మొగ్గ, విచ్చిన పువ్వు, కాయ ఒక్కోటీ ఏమీ లేదా, కొంచెం ఉందా, బాగా ఉందా రాయాలి. ఆ హాస్టల్ గేటు దగ్గర ఏ కానుగ చెట్టయినా చాలు. ఏమీ మారని వారం కూడా 'ఏమీ లేదు' అని రాసే ఓపిక ఉందో లేదో నాలుగు నెలల్లో తెలిసిపోతుంది.

ఐఏటీ, ఈఏపీసెట్, నీట్ మూడూ రాయించండి. మూడింటికీ చదవాల్సిన పుస్తకాలు చాలావరకు ఒకటే. నీట్‌లో మంచి ర్యాంకు వస్తే ఇక ఐసర్ మాట ఎత్తనని మాత్రం ఇప్పుడే ఒట్టు వేయించుకోకండి.