విప్పకుండానే ఓట్లను లెక్కించవచ్చా?

ప్రశ్న: 2021లో ఖమ్మంలో ఫోను ద్వారా ఓటు వేసే విధానాన్ని ప్రయోగాత్మకంగా పరీక్షించారు. నేను ఎవరికి వేశానో బయటపడకుండానే, నా ఓటు లెక్కలో చేరిందని నిర్ధారించుకోవడం సాధ్యమేనా?
– ఒక పాఠకుడు, ఖమ్మం

జవాబు: సాధ్యమే. పనితీరు బహిరంగంగా ఉన్న హీలియోస్ అనే వ్యవస్థను ఉదాహరణగా తీసుకుందాం. 2008లో బెన్ ఆడిడా వెలువరించిన ఈ వ్యవస్థను అంతర్జాతీయ క్రిప్టాలజీ (గూఢలిపి శాస్త్ర) పరిశోధన సంఘం 2010 నుంచి తన ఎన్నికలకు వాడుతోంది.

ఇందులో ఓటు మీ కంప్యూటరులోనే గుప్తసంఖ్యగా మారి, అందరికీ కనిపించే పట్టికలో చేరుతుంది; మీ ఓటుకు వచ్చిన గుర్తింపు సంఖ్యను ఆ పట్టికతో సరిచూసుకోవచ్చు. మీరు ఎంచుకున్న పేరుకు బదులు కంప్యూటరు మరో పేరును గుప్తీకరించిందేమోనన్న అనుమానం వస్తే, పంపే ముందు దాన్ని విప్పి చూపమని అడగవచ్చు. అలా విప్పిన ఓటు చెల్లదు కనుక మళ్లీ కొత్తగా గుప్తీకరించాలి. ఎవరు ఎప్పుడు అడుగుతారో యంత్రానికి ముందుగా తెలియదు కనుక, మోసం చేస్తే దొరికిపోయే ప్రమాదం ఉంటుంది.

అసలు చమత్కారం లెక్కింపులో ఉంది. అభ్యర్థికి ఓటు వేస్తే 1, వేయకపోతే 0 అనుకుందాం. ఇక్కడ వాడే ఎల్‌గమాల్ పద్ధతిలో గుప్తసంఖ్యలన్నిటినీ గుణిస్తే, లోపలి ఓట్ల కూడికకు గుప్తరూపం వస్తుంది. ఆ ఒక్కదాన్ని విప్పితే చాలు, విడి ఓట్ల జోలికి పోనక్కర లేదు. ఎవరైనా 1కి బదులు 100 పెట్టకుండా, లోపలున్నది 0 లేదా 1 మాత్రమేనని, అది ఏదో చెప్పకుండానే నిరూపించే గణిత సాక్ష్యం ప్రతి ఓటుకూ జతగా ఉంటుంది.

అయితే గుప్తసంఖ్యలను విప్పే తాళంచెవి ఒక్కరి చేతిలోనే ఉంటే, వారు విడి ఓట్లను కూడా విప్పగలరు. అందుకే ఆ సంఘం, మూడు భాగాలూ కలిస్తేనే తెరుచుకునేలా దాన్ని ముగ్గురికి పంచింది. 2025లో వారిలో ఒకరు తమ భాగాన్ని తిరిగి దొరకని విధంగా పోగొట్టుకోవడంతో, ఫలితాన్ని విప్పలేక ఎన్నికను మళ్లీ జరపవలసి వచ్చింది. గూఢలిపి పండితులకే ఈ గతి పట్టిందని నవ్వు రావచ్చు గాని, దొడ్డిదారి లేని తాళం అంటే అదే. ఆపైన ముగ్గురిలో ఇద్దరుంటే తెరుచుకునే ఏర్పాటుకు మారారు.

పక్కన నిలబడి ఓటు వేయించేవారిని మాత్రం గణితం ఆపలేదు. 2005 నుంచి ఇంటర్నెట్ ఓటును అనుమతిస్తున్న ఎస్టోనియాలో గడువులోగా ఎన్నిసార్లయినా ఓటు మార్చుకోవచ్చు, చివరిదే లెక్కకు వస్తుంది. కేంద్రానికి వెళ్లి కాగితంపై వేస్తే ఇంటర్నెట్ ఓటు రద్దవుతుంది. కనుక డబ్బిచ్చి వేయించుకున్నవాడికి ఆ ఓటు నిలిచిందన్న భరోసా ఉండదు. అతడు గడువు తీరేదాకా ఫోనును తన దగ్గరే పెట్టుకుంటే, ఓటరుకు మిగిలేది పోలింగ్ కేంద్రం దారి ఒక్కటే.