రెండు జీతం కవర్లు

తమ్ముడూ,

నీ కథ అందింది, రెండుసార్లు చదివాను. దక్షిణాఫ్రికాలోని డర్బన్‌లో బట్టల మిల్లు, 1972వ సంవత్సరం. చెరకు తోటలకు కూలికి వెళ్లిన తెలుగువాళ్ల మునిమనవడు, పక్క మగ్గం మీద అతని స్నేహితుడు, జులు తెగకు చెందిన నల్లజాతివాడు. మగ్గాల చప్పుడు బాగా పట్టుకున్నావు. కానీ శుక్రవారం సాయంత్రం ఇద్దరూ ఒకే వరుసలో నిలబడి, ఒకే జీతం పుచ్చుకుని, భుజాల మీద చేతులేసుకుని వెళ్లిపోయారని రాశావు చూడు, అక్కడ నాకు కోపమొచ్చింది.

ఒకే జీతం ఎక్కడిదయ్యా? పాస్, అంటే పట్నంలో ఉండటానికి అనుమతి పుస్తకం, మోసే నల్ల ఆఫ్రికన్‌ను అక్కడి కార్మిక చట్టం 1924లోనే 'ఉద్యోగి' అన్న మాటలోంచి తీసేసింది. నీ తెలుగువాడు రిజిస్టరైన యూనియన్‌లో చేరొచ్చు, జులువాడు చేరలేడు. అతను సమ్మె చేస్తే నేరం. పాస్ పుస్తకంలో నెలనెలా యజమాని సంతకం పడాలి. పడకపోతే పోలీసులు పట్టుకుంటారు, పట్నంలోంచి వెళ్లగొడతారు. నువ్వేమో ఫోర్‌మన్ చేతికి కొరడా ఇచ్చావు. ఆ సంతకం పెట్టే గుమస్తా నీ కథలో ఎక్కడా లేడు.

కూలివాడి కథలో కూలి ఎంతో రాయాలి. ఈ పట్టు నేను నలభై ఏళ్లుగా వదల్లేదు. మా అమ్మ బీడీలు చుట్టేది. సాయంత్రం ఠేకేదారు కట్టలు విప్పి, బాగాలేవంటూ గుప్పెడు పక్కకు తీసేవాడు. వాటికి కూలీ ఇవ్వడు, వాటిని తిరిగీ ఇవ్వడు. అమ్మ దారి పొడుగునా వేళ్ల మీద లెక్క వేసుకుంటూ ఇంటికొచ్చేది. నా మొదటి కథలో ఆ లెక్క పైసలతో సహా రాశాను. సంపాదకుడొకాయన అంకెలన్నీ కొట్టేసి, చివర్లో అమ్మ చేత ఏడిపించి అచ్చు వేశాడు. మా అమ్మ ఏడ్చే మనిషి కాదు. ఆ సంచికను నేను ఇంట్లో ఉంచుకోలేదు.

1973 జనవరి 9న డర్బన్‌లో కరొనేషన్ ఇటుకల ఫ్యాక్టరీ కూలీలు, సుమారు 2,000 మంది, పని ఆపేశారు. వాళ్ల కూలి వారానికి అక్కడి డబ్బులో 9 రాండ్లయినా లేదు. మాట్లాడటానికి ప్రతినిధులను పంపమని యాజమాన్యం అంటే పంపలేదు. ముందుకొచ్చినవాడి పని ఊడుతుందని అందరికీ తెలుసు. ఆ సమ్మె బట్టల మిల్లులకు పాకినప్పుడు భారతీయ కార్మికులూ బయటికొచ్చారు, కొందరు మనసారా, కొందరు భయపడి. నీ కథ ఒక్క ఏడాది ముందే ఆగిపోయింది.

ఆ శుక్రవారం సాయంత్రం మళ్లీ రాయి. రెండు కవర్లూ విప్పించు. జులువాడి కవరు పలచగా ఉంటుందని నీ తెలుగువాడికి తెలుసు. తన కవరు అతను ఏ జేబులో దాచుకున్నాడో రాసి పంపు.