కొటేషన్ పంపే ముందు, మేనల్లుడికి

చిరంజీవి మేనల్లుడికి మావయ్య ఆశీస్సులు.

పాలకొల్లు ఆడిటర్ గారికి, భీమవరం రొయ్యల కంపెనీకి, అమలాపురం కాలేజీకి యాక్టివ్ డైరెక్టరీ (ఏడీ), అంటే కంప్యూటర్ల లాగిన్లన్నీ ఒకేచోట నుంచి నడిపే మైక్రోసాఫ్ట్ ఏర్పాటు పెట్టడానికి ఒకటే కొటేషన్ తయారుచేశానన్నావు. అది ఇంకా పంపకు.

ఆడిటర్ గారివి ఎనిమిది కంప్యూటర్లు. ఆయనకి సర్వర్ ఎందుకురా? ఆఫీసు మెయిల్ మైక్రోసాఫ్ట్ 365ది అయితే దాంతోపాటే ఎంట్రా ఐడీ వస్తుంది, అంటే ఇంటర్నెట్‌లోనే లాగిన్లు చూసుకునే సేవ (2023 దాకా అజూర్ ఏడీ అనేవాళ్లం). లాగిన్లు అక్కడే పెట్టు. హోమ్ ఎడిషన్ విండోస్ ఉంటే దాన్ని ఎంట్రాకి కలపలేవు, ముందు ప్రోకి మార్పించు.

బుర్ర పెట్టాల్సింది రొయ్యల కంపెనీ దగ్గర. బ్రాంచికో డొమైన్ (ఒకే లాగిన్ల జాబితా కింద నడిచే కంప్యూటర్ల గుంపు) కావాలని ఓనరు అడుగుతాడు, ఒప్పుకోకు. మొత్తానికి ఒకటే డొమైన్ చాలు. బ్రాంచీలని అందులోనే సైట్లుగా, అంటే వేర్వేరు చోట్లుగా చూపించు. ఓయూలు (డొమైన్ లోపల మనుషుల్నీ కంప్యూటర్లనీ పెట్టే విభాగాలు) మాత్రం ఎవరి మీద ఏ పాలసీ, అంటే ఏ నియమాలు పడాలో చూసి విడదీయి, హోదాల చార్టు చూసి కాదు. డొమైన్ పేరు చివర '.లోకల్' తగిలించకు. వాళ్లు కొన్న ఇంటర్నెట్ డొమైన్ పేరు కిందే ఒక సబ్‌డొమైన్ (ఆ పేరు ముందు ఇంకో మాట చేర్చింది) తీసుకో, పేరు తర్వాత మార్చడం నరకం. హెడ్డాఫీసులో డొమైన్ కంట్రోలర్లు (లాగిన్లు సరిచూసే సర్వర్లు) రెండుండాలి, రెండు వేర్వేరు మెషీన్ల మీద, వేర్వేరు యూపీఎస్‌లతో. ఒకే మెషీన్‌లో రెండు వర్చువల్ సర్వర్లు (సాఫ్ట్‌వేర్‌తో సృష్టించినవి) పెడితే ఒకటి పెట్టినట్టే, ఆ మెషీన్ పోతే రెండూ పోతాయి.

రొయ్యల ప్లాంటుకి తుఫాను రోజుల్లో నెట్ లైను పోతుంది కాబట్టి అక్కడా ఒక కంట్రోలర్ పెట్టు. గదికి తాళం లేకపోతే రీడ్-ఓన్లీ రకం (చదవడమే తప్ప మార్పులు చేయనివ్వనిది) పెట్టు, విండోస్ సర్వర్ 2008 నుంచీ ఉంది. దాన్ని ఎవరైనా ఎత్తుకుపోయినా నువ్వు అనుమతించిన పాస్‌వర్డులే అందులో ఉంటాయి. సైట్ల మధ్య రెప్లికేషన్, అంటే ఒక కంట్రోలర్‌లో చేసిన మార్పు మిగతావాటికి చేరడం, మామూలుగా 180 నిమిషాలకోసారి. అంటే హెడ్డాఫీసులో పొద్దున డిసేబుల్ చేసిన ఉద్యోగి లాగిన్ ప్లాంటులో మధ్యాహ్నం దాకా పనిచేయొచ్చు. 15కి తగ్గించు.

కరెంటు పోయి వచ్చాక, లోపలి బ్యాటరీ అయిపోయిన పాత కంప్యూటర్లలో టైము తప్పుతుంది. కంట్రోలర్ టైముతో తేడా 5 నిమిషాలు దాటితే కెర్బెరోస్ (డొమైన్‌లో లాగిన్లు సరిచూసే పద్ధతి) లాగిన్ ఇవ్వదు. వాళ్లేమో పాస్‌వర్డు పోయిందని నీకు ఫోన్ చేస్తారు. ముందు గడియారం చూడమను. ఆ కంప్యూటర్లలో డీఎన్ఎస్ (పేరుని బట్టి అడ్రస్ చెప్పే సేవ) దగ్గర కూడా కంట్రోలర్ల అడ్రస్సులే ఉండాలి, రౌటర్‌ది కాదు.

కాలేజీలో లాగిన్లు పేర్లతో కాదు, అడ్మిషన్ నంబరుతో పెట్టు. అన్నవరం దగ్గర్లో ఉన్నాం, సత్యనారాయణలకి కొదవా? డబ్బు తక్కువైతే లినక్స్ మీద నడిచే ఉచిత సాఫ్ట్‌వేర్ సాంబా 4 ఉంది, 2012 నుంచీ అదీ డొమైన్ కంట్రోలర్ పని చేస్తోంది. కానీ అక్కడ లినక్స్ తెలిసిన మనిషి లేకపోతే ఆ మాటే ఎత్తకు.

రేపు ప్లాంటుకెళ్లి ఆ గది తలుపు చూసి నాకు ఫోన్ చెయ్యి. ధర సంగతి ఆ తర్వాత మాట్లాడుకుందాం.

మీ మావయ్య