పుదుచ్చేరి మ్యూజియంలో గంట టైం ఉంటే ఏం చూడాలి?

పిల్లలతో, పెద్దవాళ్లతో పుదుచ్చేరి వెళ్తున్నామనీ, బీచ్, ఆశ్రమం, ఆరోవిల్ పోగా ఒక పూటే మిగులుతుందనీ, అందులో సెయింట్ లూయిస్ వీధిలో ఉన్న మ్యూజియానికి గంట కేటాయిస్తే దండగేమోననీ అడిగారు. దండగేం కాదు. కాకపోతే అందరూ తిరిగే వరసలో తిరిగితే మాత్రం "పాత కుర్చీలు, మంచాలు చూశాం" అనుకుంటూ బయటికొస్తారు. మేం కుటుంబమంతా వెళ్లొచ్చాక నాకు అనిపించింది చెప్తాను. లోపలికి వెళ్లగానే అరికమేడు వస్తువులు ఎక్కడున్నాయో అడిగి నేరుగా అక్కడికి వెళ్లండి. ఫ్రెంచివాళ్ల సామాను తర్వాత చూడొచ్చు, అది ఎక్కడికీ పోదు.

పుదుచ్చేరి అనగానే మనకు ఫ్రెంచి కాలనీ ఒక్కటే గుర్తొస్తుంది. పసుపు గోడలు, కాగితం పూల తీగలు, ఆ గోడల ముందు ఫోటోలు. అయితే ఫ్రెంచివాళ్లు అక్కడ కాలుపెట్టింది 1674లో. ఊరికి దక్షిణంగా సుమారు నాలుగు కిలోమీటర్ల దూరంలో, అరియాంకుప్పం ఏటి ఒడ్డున, అరికమేడు అనే దిబ్బ ఉంది. క్రీస్తుకు ముందే అదొక రేవు. రోమ్ సామ్రాజ్యపు సరుకు అక్కడ దిగేది, మన సరుకు అక్కడ ఎక్కేది. మ్యూజియంలో నన్ను ఎక్కువసేపు నిలబెట్టింది ఆ దిబ్బలోంచి వచ్చిన సరుకే.

దాని సంగతి బయటపడిన తీరు పిల్లలకు కథలా చెప్పొచ్చు. 1930లలో జూవో-దుబ్రోయ్ అనే ఫ్రెంచి పండితుడు అక్కడి పిల్లల దగ్గర పూసలు, రంగురాళ్లు కొనేవాడు. వాటిలో ఒక రాయి మీద చెక్కి ఉన్న తల రోమన్ చక్రవర్తి అగస్టస్‌దని ఆయన గుర్తుపట్టాడు. తర్వాత 1944లో, అప్పటి పురావస్తు శాఖ అధిపతి మార్టిమర్ వీలర్ మద్రాసు మ్యూజియంలో ఒక బీరువా తీస్తే, మట్టిపాత్ర ముక్క ఒకటి చేతికి తగిలింది. అది మధ్యధరా సముద్రం వైపు వాడే రెండు చెవుల జాడీ ముక్క. ఎక్కడిదని అడిగితే పుదుచ్చేరి అన్నారు. ఆయన అక్కడికి వెళ్తే లైబ్రరీలో దుమ్ము పట్టిన అద్దాల పెట్టెల్లో అలాంటివి ఇంకా కనిపించాయి. 1945లో తవ్వకం మొదలుపెట్టాడు. అప్పటికి పుదుచ్చేరి ఫ్రెంచివాళ్ల చేతిలో ఉంది. బ్రిటిష్ ఇండియా శాఖ వెళ్లి ఫ్రెంచి నేల మీద తవ్విందన్నమాట! ఆ తర్వాత 1947 నుంచి 1950 దాకా కసాల్ అనే ఫ్రెంచి ఆయన తవ్వాడు. 1989 నుంచి 1992 దాకా విమలా బేగ్లీ బృందం మళ్లీ తవ్వి, ఊరు వీలర్ అనుకున్నదానికంటే పాతదనీ, రోమన్ సరుకు ఆగిపోయాక కూడా మనుషులు అక్కడ ఉన్నారనీ తేల్చింది.

ఇక పెంకుల దగ్గరికి వద్దాం. రెండు చెవుల జాడీని ఆంఫొరా అంటారు. మెడ సన్నగా ఉంటుంది, అడుగు మొన తేలి ఉంటుంది కాబట్టి నేల మీద నిలబడదు. ఓడ అడుగున ఒకదాని పక్కన ఒకటి దిగేసి సర్దడానికి అలా చేశారు. ద్రాక్ష సారా, ఆలివ్ నూనె, చేపలు పులియబెట్టి చేసే ఒక సాస్ వాటిలో వచ్చేవి. అంత దూరం నుంచి పులిసిన చేపలు తెప్పించుకున్నారంటే ఇక్కడ దిగిన విదేశీ వర్తకులకు నోరు ఎంత చప్పబడిందో! పెంకు అంచు దగ్గర మట్టి రంగు, గరుకుదనం చూడండి, పక్కనున్న స్థానిక కుండ పెంకుతో పోల్చండి. రెండూ ఒక నేలవి కావని మీకే తెలిసిపోతుంది. ఇటలీలోని అరెజ్జోలో చేసే మెరిసే ఎర్ర పళ్లేల ముక్కలు కూడా ఆ దిబ్బలో దొరికాయి. కొన్నింటి మీద చేసినవాళ్ల ముద్రలున్నాయి. ఆ ముద్రలున్న పళ్లేలు ఏ కాలంవో ఇటలీలో ముందే తెలుసు. దాంతో వాటితోపాటు ఒకే పొరలో దొరికిన మన పాత్రల కాలం కూడా తెలిసింది. దక్షిణాది చరిత్రకు అరికమేడు అంత ముఖ్యమవడానికి అసలు కారణం అదే.

నలుపు, బూడిద రంగుల్లో లోతు తక్కువ పళ్లేలు కొన్ని ఉంటాయి. లోపల అడుగున చిన్న చిన్న గాట్లు గుండ్రంగా వరసలు కట్టి ఉంటాయి. వీటిని దాటేయకండి. ఇవి కూడా రోమ్ వైపు నుంచి వచ్చినవేనని వీలర్ అనుకున్నాడు. తర్వాత మట్టిని పరీక్షించి ఇవి మన దేశంలో చేసినవేనని చెప్పారు. ఇలాంటివి మన అమరావతిలో, ధరణికోటలో, శ్రీకాకుళం జిల్లా శాలిహుండంలో కూడా దొరికాయి. తూర్పు తీరం పొడవునా రేవుల మధ్య పడవలు తిరిగేవని అర్థం.

మా ఇంట్లో వాళ్లు మాత్రం ఎక్కువగా ఆగింది పూసల దగ్గర. చిన్న గాజు పూసలు, మన నల్లపూసలంత సైజు, ఎరుపు, పచ్చ, నీలం, పసుపు. మా మామగారిది రేణిగుంట వైపు. అప్పటిదాకా "పెంకులు చూడ్డానికి ఇంత దూరం రావాలా" అని గొణుగుతున్నవారు అక్కడ వంగి చూసి, "ఇవి పాపానాయుడుపేట పూసలు కదయ్యా" అన్నారు. ఆయన మాటలో అసలు విషయమే ఉంది. అరికమేడులో ఈ పూసలు తయారయ్యేవి. ఇలాంటివి ఆగ్నేయాసియా దాకా దొరుకుతాయి. పూసల చరిత్ర మీద పనిచేసిన పీటర్ ఫ్రాన్సిస్ అనే పరిశోధకుడు, ఆ పాత పద్ధతి బతికి ఉన్న ఊరుగా రాసింది మన పాపానాయుడుపేట గురించే.

పద్ధతి ఏంటంటే, కరిగిన గాజును పొడవాటి ఇనుప గొట్టానికి పెద్ద ముద్దగా పట్టించి కొలిమిలో పెడతారు. ఇంకో వైపు నుంచి ఒక మనిషి ఆ ముద్ద కొసను పట్టుకుని గంటల తరబడి లాగుతూనే ఉంటాడు. లోపల బోలుగా ఉన్న సన్నని గాజు పుల్ల వస్తుంది. దాన్ని చిన్న ముక్కలుగా నరికి, బూడిదలో కలిపి మళ్లీ వేడి చేస్తే అంచులు గుండ్రమవుతాయి. రంధ్రం విడిగా పొడిచే పనే లేదు, పుల్ల లాగినప్పుడే వచ్చేస్తుంది. మామగారు చిన్నప్పుడు ఆ కొలిమి దగ్గర నిలబడి చూశారట, సెగకి ఒళ్లు మాడేదట. ఇదంతా మా పాపకు చేతులు ఊపుతూ చెప్తుంటే, పక్కనున్న తమిళ కుటుంబం కూడా ఆగి విన్నది. మీతో వచ్చే పెద్దవాళ్లది తిరుపతి వైపైతే ఆ పెట్టెల ముందు కాసేపు వదిలేయండి.

కంచు విగ్రహాలు బాగుంటాయి, చోళుల కాలం పని. అయితే తంజావూరు, చెన్నై ఎగ్మోర్ మ్యూజియంలు చూసినవాళ్లకు ఇవి కొత్తగా అనిపించవు.

ఫ్రెంచి గదుల్లో ఒకప్పటి ఫ్రెంచి గవర్నర్ డూప్లే పడుకున్నాడని చెప్పే మంచం ఉంటుంది. పిల్లలకు నచ్చేది పూస్-పూస్, వెనక నుంచి మనిషి తోస్తే నడిచే బండి. డూప్లే 1742 నుంచి 1754 దాకా గవర్నర్. ఆయన పంపిన ఫ్రెంచి సేనాని బుస్సీయే నిజాం దగ్గర ఉత్తర సర్కారులు రాయించుకున్నది, 1757లో బొబ్బిలి కోట మీదికి ఫిరంగులు తెచ్చింది. ఈ సంగతి ముందే చెప్తే పెద్దవాళ్లకు ఆ మంచం మీద ఆసక్తి పుడుతుంది, లేకపోతే అది ఉత్త మంచమే. ఇంకోటి, డూప్లే చూసిన ఊరు ఇప్పుడు మీరు చూసే ఊరు కాదు. 1761లో ఇంగ్లీషువాళ్లు పట్టుకుని దాదాపు నేలమట్టం చేశారు. ఫ్రెంచివాళ్లకు మళ్లీ చేతికొచ్చాక కట్టుకున్నదే మీరు చూసే ఈ ఫ్రెంచి వీధుల భాగం, వైట్ టౌన్. పాత కాలం వాసన కావాలంటే తమిళుల వీధుల వైపు, డూప్లే దుబాసీ, అంటే దుబాషీగా, మధ్యవర్తిగా పనిచేసిన ఆనందరంగ పిళ్లై 1738లో కట్టించిన ఇల్లు ఉంది. ఈయనకు మన కస్తూరి రంగకవి ఏకంగా ఒక తెలుగు ఛందోగ్రంథం అంకితమిచ్చాడు.

బయటికొచ్చాక ఎదురుగా భారతి పార్కులో కూర్చోవచ్చు. మధ్యలో ఉన్న తెల్లటి ఆయి మండపం కథ అడిగితే మనం కాస్త ఇబ్బంది పడాలి. రాయలవారు ఆ దారిన పోతూ ఒక వేశ్య ఇంటిని గుడి అనుకుని దండం పెట్టారట. తర్వాత సంగతి తెలిసి కోపంతో ఇల్లు పడగొట్టమన్నారట. ఆయి అనే ఆ మనిషి తనే ఇల్లు పడగొట్టించి అక్కడ ఊరికి చెరువు తవ్వించిందని చెప్పుకుంటారు. మన సినిమాల్లో కనిపించే రాయలు ఈ కథలో లేడు!

అరికమేడు కూడా చూద్దామంటారేమో, పిల్లలతో అయితే వద్దంటాను. తవ్విన గుంతలు పూడ్చేశారు. చెట్ల మధ్య నిలబడి కనిపించే ఇటుక గోడలు రోమన్ల కాలానివి కావు, 18వ శతాబ్దంలో ఫ్రెంచి క్రైస్తవ మిషన్ వాళ్లు కట్టిన భవనం శిథిలాలు. చరిత్ర మీద ఇష్టమున్న పెద్దవాళ్లు ఇద్దరు ముగ్గురు పొద్దున్నే ఆటోలో వెళ్లి, ఏటి ఒడ్డున నడిచి వస్తే బాగుంటుంది. మొత్తం కుటుంబాన్ని తీసుకెళ్తే "ఏముంది ఇక్కడ" అని మిమ్మల్నే తిడతారు.

టికెట్ ఖర్చు గురించి ఆలోచించాల్సిన పని లేదు, చాలా తక్కువ. మధ్యాహ్నం భోజనం వేళ మూసే అలవాటు ఉంది కాబట్టి పొద్దున పదింటికల్లా వెళ్లి, పార్కులో కాసేపు కూర్చుని, భోజనానికి వెళ్లేలా చూసుకోండి. సోమవారం సెలవు. వీకెండ్‌కి వెళ్లి సోమవారం తిరిగొచ్చే ప్లాన్ అయితే మ్యూజియం శనివారమే పెట్టుకోండి.